ఇప్పగుంపు పలికింది

ఖమ్మం
12 జూన్ 2025

అన్నకు,

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. వదినా పిల్లలూ ఎలా ఉన్నారు? నీకు ఫోన్ అందాలంటే నువ్వు కాలనీ వెనక గుట్ట ఎక్కాలి. ఎక్కినా ఎత్తవు. అమ్మ బుట్ట వాగు ఒడ్డున దొరికిందన్న మాట నీకు ఫోన్‌లోనే వచ్చింది కదా, అప్పటినుంచి దాన్ని ముట్టుకోవని వదిన చెప్పింది. అందుకే ఉత్తరం. నువ్వూ రాయి. పదో తరగతిలో నీ చేతిరాతే బాగుండేదని సార్లు నన్ను ఎన్నిసార్లు దెప్పారో నాకు గుర్తుంది.

నేను చేరింది మన అడవి ఊళ్ళ సబ్‌సెంటర్లకు కంప్యూటర్లు పెట్టిన ఆరోగ్య సంస్థలోనే. సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ అంటే ఏందని వదిన అడిగింది కదా. అందరి కంప్యూటర్లూ, వాటన్నిటికీ పెద్దదిక్కయిన సర్వరూ ఆగిపోకుండా చూసుకునే పని. నాకు నేర్పేది క్రిస్టోఫర్ సారు. సత్తుపల్లి ఆయన. మొదటి రోజు పుస్తకం ఇస్తారనుకుంటే వైరూ కత్తెరా ఇచ్చారు. లోపలి రంగు తీగలను వరుస తప్పకుండా పేర్చి కొనకు పిన్ను బిగించాలి. నేను చేసినవన్నీ లాగి చూసి బుట్టలో పడేశారు. "మళ్ళీ చెయ్యమ్మా. తొందరేం లేదు, సాయంత్రం దాకా టైముంది" అన్నారు. ఇప్పుడు నా వేలి కొనలు మండుతున్నాయి గాని వైరు మాత్రం ఊడటం లేదు.

నిన్న కొత్త పని నేర్పారు. మన దగ్గరున్న కంప్యూటర్ దూరాన ఉన్న ప్రతి కంప్యూటర్‌నూ ఆగకుండా పిలుస్తూ ఉంటుంది. ఉన్నావా అని. అవతలిది నడుస్తుంటే ఉన్నానని పలుకుతుంది, దాని పేరు తెర మీద పచ్చగా వస్తుంది. పలకకపోతే ఎరుపు. ఆ పట్టికలో అన్ని సెంటర్ల పేర్లూ ఎక్కించే పని నాది. పాత జాబితాలో మన ఇప్పగుంపు కనిపించింది. "అది వదిలెయ్యమ్మా. ఆ ఊరు ఖాళీ అయిపోయింది, దారి కొట్టుకుపోతే మిషను కూడా తెచ్చుకోలేకపోయాం" అన్నారు సారు. నేను వినకుండా ఎక్కించాను. అమ్మ ఆయమ్మగా చేసినన్నాళ్ళూ రోజూ తుడిచిన మిషన్ అది. పొద్దున్నే తాళం తీసి, ఊడ్చి, స్విచ్ వేసి, తెర మీద డాక్టరు వచ్చేదాకా జనాన్ని బల్ల మీద కూర్చోబెట్టేది.

ఇప్పుడు సాయంత్రాలు కాసేపే నడిపి చూస్తున్నాం, పట్టిక పూర్తయ్యాక రోజంతా నడుస్తుంది. ఇప్పటికి మన ఊరు ఎర్రగానే ఉంది. ఎర్రగానైనా ఉందిలే అనుకున్నాను.

నీ చెల్లెలు
పుష్పలత

—

కాలనీ
22 జూన్ 2025

చెల్లె పుష్పకు,

నీ ఉత్తరం అందింది. మేం బాగున్నాం. జామాయిల్ కర్ర లోడింగు నడుస్తోంది. పొద్దున లారీ ఎక్కితే చీకటి పడే ముందు దిగుతాను. సారపాక కాగితం మిల్లు గేటు ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. అక్కడ కూర్చునే ఇది రాస్తున్నాను. మీ వదిన నీ మెడలో ఐడీ కార్డు వేసుకున్న ఫొటో కావాలంటోంది.

ఊరి పేరు ఎందుకు ఎక్కించావు పుష్పా? గోదావరి వరద తర్వాత అందరం వదిలేసి వచ్చిన ఊరు. నాయన పేర నిలిపిన రాయి ఒక్కటే అక్కడుంది. ఆ రాయి దగ్గరికి పోయొస్తానని వెళ్ళే కదా అమ్మ పోయిన వానాకాలం తిరిగి రాలేదు.

శవం దొరకకుండా అమ్మను చనిపోయిన మన పెద్దల్లో ఎలా కలుపుతామని నువ్వు అప్పుడు అడిగావు. నేను జవాబివ్వలేదు. ఇప్పుడు చెప్తున్నాను. కలపకపోతే ఆమె వాగు ఒడ్డునే తిరుగుతుందని పూజారి పగిడయ్య మామ అన్నాడు. ఇంట్లో చిన్న పిల్లలు. చలికాలంలో డోళ్ళు పెట్టించి, నాయన పేరు పక్కన ముత్తక్క అని ఆమె పేరు పిలిపించి కలిపాను. అది అయిపోయింది. దాన్ని కదపొద్దు.

వేళకు తిను.

మీ అన్న
రవీందర్

—

ఖమ్మం
3 జూలై 2025

అన్నకు,

ఇప్పగుంపు లేచింది.

పట్టిక సోమవారం పూర్తయింది. మంగళవారం పొద్దున వచ్చి తెర చూస్తే మన ఊరి పేరు పచ్చగా ఉంది. నేనే స్వయంగా పేరు కొట్టి పిలిచాను. పలికింది. మళ్ళీ పిలిచాను, మళ్ళీ పలికింది. భోజనం చేసి వచ్చేసరికి ఎరుపు. బుధవారమూ అంతే, పొద్దున పచ్చన, మధ్యాహ్నం ఎరుపు. ఈరోజూ అంతే.

సారుకు చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ మిషన్ నంబరు పొరపాటున ఇంకో దానికి ఇచ్చి ఉంటారు, వెతుకు అన్నారు. "ఆగిపోయిన మిషన్‌కి నేనెప్పుడూ భయపడలేదమ్మా. ఎందుకు నడుస్తుందో తెలియని దానికే భయం" అన్నారు నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు.

వెతుకుతున్నాను. ఏదో పొరపాటే అయ్యుంటుంది. కానీ పొద్దున బస్సు దిగి ఆఫీసుకు నడిచేటప్పుడు తెలియకుండానే అడుగులు గబగబా పడుతున్నాయి.

పుష్పలత

—

కాలనీ
17 జూలై 2025

చెల్లెకు,

ఏం రాశావే నువ్వు! నేను లోడింగుకు పోతే మీ వదిన ఉత్తరం విప్పి పక్కింటివాళ్ళ ముందు చదివింది. "ఇప్పగుంపు లేచింది" అనగానే ఊరు తిరిగి ఇస్తున్నారనుకున్నారు. నేను వచ్చేసరికి వాకిట్లో జనం. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో గీతలు గీస్తున్నారు. ఒక ముసలాయన మూట కూడా కట్టుకున్నాడు. అది కంప్యూటర్ సంగతని నేను చెప్పేసరికి నన్ను తిట్టుకుంటూ పోయారు.

వాళ్ళు పోయాక ఉత్తరం నేను చదివాను. పొద్దున్నే తెరవడం, పొద్దు నడినెత్తికి రాగానే కట్టెయ్యడం. ఎవరి అలవాటో నీకు తెలియదా? ఆ ఊళ్ళో మనిషి లేడు. వాగు నిండుగా ఉంది, దాటేవాడు లేడు.

పగిడయ్య మామకు చెప్పాను. "ఆమెకు పని మీద పానం ఉంది. ఇంకోసారి సాగనంపాలె" అన్నాడు. నిన్న వాగు ఒడ్డున కోడిని కోసి, డోలు కొట్టించి, ఆకులో అన్నం పెట్టాం. మామ చెప్పమన్నట్టే అవతలి గట్టు వైపు చూసి గట్టిగా అరిచాను, "అమ్మా, మా దిక్కు రాకు, నీ జాగల నువ్వుండు" అని.

నువ్వు ఇంక ఆ పేరుతో పిలవొద్దు. పిలిస్తే పలుకుతారు. తీసెయ్యి.

రవీందర్

—

ఖమ్మం
5 ఆగస్టు 2025

అన్నా,

తీసెయ్యలేదు. ఎందుకో చెప్తాను, కూర్చుని చదువు. వదినను కూడా పక్కన కూర్చోబెట్టుకో.

నంబరు పొరపాటు కాదని తేలింది. అది ఇప్పగుంపు మిషనే. దాంతో సారు దొంగలన్నారు. ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళెవరో మనం వదిలేసిన సోలార్ పలకలూ, నెట్ వచ్చే గొడుగు యాంటెన్నా, మిషనూ వాడుకుంటున్నారు, సాక్ష్యం చూసుకుని కంప్లైంటు ఇద్దామన్నారు. పై ఆఫీసుకు మెయిలు కూడా పంపారు. దూరం నుంచే ఆ మిషన్‌లోకి ఎలా వెళ్ళాలో నాకు అప్పుడే నేర్పించారు. పెట్టిన రోజు పాస్‌వర్డే ఇంకా ఉంది, ఎవరూ మార్చలేదు. సారు సిగ్గుపడ్డారు. "ఇదీ ఒక పాఠమే, రాసుకో" అన్నారు. తర్వాత కెమెరా తెరవమన్నారు.

మొదట తెరంతా నీలం బట్ట. అది అటూ ఇటూ కదిలింది. ఎవరో కొంగుతో అద్దం తుడుస్తున్నారు. బట్ట పక్కకు జరిగాక గది కనిపించింది. నేల ఇంకా తడిగా ఉంది. బల్లలు గోడకు వరుసగా వేసి ఉన్నాయి. ఒక ఆడమనిషి చీపురు మూలన పెట్టి, కుంటుకుంటూ వచ్చి, మిషన్ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. డాక్టరు కోసం కూర్చున్నట్టు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

అన్నా, అమ్మ.

నేను అరిచాను. "అమ్మా!" అని. అవతల స్పీకరు పనిచేస్తోందని నాకు తెలియదు. నా గొంతు ఆ గదిలో మోగింది. ఆమె లేచి నిలబడింది. మిషన్ వెనక్కి చూసింది, కిటికీ వైపు చూసింది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. "వద్దు బిడ్డా, పిలవకు" అంది. చెయ్యి చాచి స్విచ్ కట్టేసింది. తెర నల్లబడింది.

సారు మంచినీళ్ళు తెచ్చారు. మా అమ్మ చనిపోయిందండీ అన్నాను. ఆయన నా పక్కనే నేల మీద కూర్చుని, "చనిపోయినవాళ్ళు స్విచ్ కట్టెయ్యరమ్మా. మీ అన్నను పంపించు" అన్నారు.

ఆ రోజు నుంచి ఇప్పగుంపు లేవలేదు. నేను ఆమెను భయపెట్టానా? జల్దీ వెళ్ళు అన్నా. నిన్ను బతిమాలుతున్నాను.

పుష్ప

—

కాలనీ
26 ఆగస్టు 2025

పుష్పా,

ఉత్తరం అందిన రోజు వాగు చెట్ల మొదళ్ళ దాకా ఉంది. ఒడ్డున నిలబడి అరిచాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. నీళ్ళు తగ్గేదాకా రోజూ పోయి నిలబడ్డాను, పనికి పోలేదు. నడుము లోతుకు దిగాక పగిడయ్య మామా నేనూ తాడు పట్టుకుని దాటాం.

ఊరు గుర్తు పట్టలేం. గోడల మీద తీగలు పాకాయి. మన ఇంట్లో టేకు మొక్క మొలిచింది. సబ్‌సెంటర్ వాకిలి మాత్రం ఊడ్చి ఉంది. అక్కడ బిడ్డను చంకనేసుకుని ఒకామె నిలబడి ఉంది. మమ్మల్ని చూసి పారిపోబోయింది. మన అడవి ఊళ్ళ భాషలో పిలిస్తే ఆగింది. ఆమె పేరు జమ్లి. సరిహద్దు అవతలి నుంచి వచ్చి గుట్ట మీద ఉంటున్న నాలుగైదు ఇళ్ళవాళ్ళు. "ముసలమ్మ కొడుకువా?" అని అడిగింది. "ఇంత ఆలస్యమైందేంది?"

అమ్మ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుంది. సగమైంది. నేను దగ్గరికి పోతే ముఖం తిప్పుకుంది. నాతో మాట్లాడలేదు. మామతో అంది. "పగిడన్నా, వాన్ని పొమ్మను. నేను సచ్చినదాన్ని. నన్ను ముట్టుకుంటే ఇంట్ల పిల్లలకు తగుల్తది."

జరిగింది జమ్లి చెప్పింది. ఆ వానాకాలం వాగు దాటేటప్పుడు అమ్మను నీళ్ళు కొట్టేసి రాళ్ళ మీద పడేశాయి. బుట్ట ఇవతల కొట్టుకొచ్చింది, అమ్మ అవతల పడింది. తొడ ఎముక విరిగింది. జమ్లి వాళ్ళు మోసుకెళ్ళి కట్టు కట్టారు. మన కాలనీకి కబురు పెడదామంటే తాము అడవిలో ఉంటున్నట్టు తెలిస్తే అటవీశాఖవాళ్ళు వచ్చి గుడిసెలు పీకేస్తారేమోనని భయపడ్డారట. చలికాలానికి అమ్మ కర్ర పట్టుకుని నడిచింది. నీళ్ళు తగ్గాక ఒక్కతే కాలనీకి బయలుదేరింది. సాయంత్రానికి ఏడుస్తూ తిరిగొచ్చిందట.

ఎందుకని నేను అమ్మనే అడిగాను. నేల చూస్తూ మామకే చెప్పింది.

"నేను పోయిన నాడే డోళ్ళు కొడుతుండ్రు. టేకు చెట్ల ఎనక నిలబడ్డ. ఎవరు పోయిండ్రా అని చూసిన. నా పేరే పిలిచిండ్రు. మా ఆయన పేరు పక్కన పిలిచిండ్రు. నా కొడుకు అన్నం పెట్టి మొక్కిండు. ఇగ నేనెట్ల పోవాలె? పెద్దలు నాకు జాగ ఇచ్చిండ్రు. నేను లేచి ఇంటికి పోతే ఆ జాగలకు ఇంకొకర్ని అడగరా? ఇంట్ల చిన్న పిల్లలుండ్రి."

మళ్ళీ తనే అంది. "మొన్న మల్ల సాగనంపిండ్రు. మా దిక్కు రాకు అన్నరు. గట్టు మీదనే ఉన్న. ఇన్న."

పుష్పా, నేను అరిచిన మాట ఆమె విన్నది.

డాక్టరు కోసం మిషన్ పెట్టేదాన్నని చెప్పింది. జమ్లి బిడ్డకు జ్వరం వచ్చిపోతూ ఉంటుంది. స్విచ్ వేస్తే డాక్టరు వస్తాడని రోజూ వేసి కూర్చునేదట. ఎవరూ రాలేదు. చివరికి వచ్చింది నీ గొంతు. "నా బిడ్డ సచ్చినదాన్ని పిలిచింది, దానికేమైతదో" అని అప్పటినుంచి ఆ గది తలుపు తీయలేదు.

చంకలో ఎత్తుకునైనా తీసుకొద్దామని లేచాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. ఇలాంటిది మన తాతలు కూడా చూడలేదన్నాడు. పెద్దల్లోంచి వెనక్కి తెచ్చే తంతు ఏదీ లేదు. నాయన రాయి దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. తిరిగొచ్చి అమ్మతో అన్నాడు. "ముత్తక్క రావొద్దు, నువ్వన్నది నిజమే. ముత్తక్క ఆడనే ఉంటది. నువ్వు కొత్తగా పుట్టినవనుకో. పుట్టినబిడ్డకు పేరు పెడ్తం గద, అట్ల పెట్టి తీస్కపోతం. అప్పుడొస్తవా?" ఆమె తలూపింది.

పేరు నువ్వే పెట్టాలని మామ మాట. పెట్టే రోజు దాకా నువ్వు ఆమె ఎదుట పడొద్దని కూడా అన్నాడు. ఆమె నీ గురించే భయపడుతోంది. మనింట్లో ఎవరికీ లేని పేరు పంపు. మీ సారుతో చెప్పి ఆ కంప్లైంటు ఆపించు. ఆ గుడిసెలవాళ్ళు లేకపోతే అమ్మ ఆ రాళ్ళ మీదే పోయేది.

రవీందర్

—

ఖమ్మం
3 సెప్టెంబర్ 2025

అన్నా,

నీ ఉత్తరం క్రిస్టోఫర్ సారుకు చదివి వినిపించాను. ఆయన మధ్యలో లేచి కిటికీ దగ్గరికి పోయారు. కంప్లైంటు వెళ్ళలేదు. దొంగలు కాదు, మన రోగులే అని పై ఆఫీసుకు మళ్ళీ రాశారు. డాక్టరు వైపు లైను ఊరు ఖాళీ అయిన రోజే తీసేశారట. దాన్ని తిరిగి కలపడం నాతోనే చేయించారు. ఒక్కో మెట్టూ నేనే కొట్టాను, ఆయన వెనక నిలబడ్డారు. జమ్లికి చెప్పు, స్విచ్ వేస్తే ఈసారి డాక్టరమ్మ వస్తుంది. బిడ్డను చూపించమను.

పేరు. రెండు రోజులు ఏ పనీ చేతికి రాలేదు. అమ్మకు పేరు పెట్టే పని ఏ కూతురికైనా పడిందా? సారు అప్పుడే సర్వర్ పేరు మార్చడం నేర్పిస్తున్నారు. "పేరు మార్చడం తేలికేనమ్మా. పాత పేరుతో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు మాత్రం చాన్నాళ్ళు వస్తూనే ఉంటారు" అన్నారు. ఆయన మిషన్ సంగతే చెప్పారు. నేను లేచి బయటికి పోయి ఏడ్చాను.

కన్నక్క. మనింట్లో ఎవరికీ లేదు. ఈ పేరు పెట్టు.

నేను ఎప్పుడు రావచ్చో రాయి. బట్టలు సర్దుకునే ఉన్నాను.

పుష్ప

—

కాలనీ
29 అక్టోబర్ 2025

పుష్పకు,

ఆలస్యమైంది, కోపగించుకోకు. ఉత్తరం రాయడానికి ఎన్నిసార్లు కూర్చున్నా ఏం రాయాలో తెలియలేదు.

జమ్లి ఆమెకు వాగులో స్నానం చేయించింది. కొత్త చీర కట్టింది. పగిడయ్య మామ చెవి దగ్గర పేరు పలికాడు. పలకమంటే "ఆఁ" అంది, చిన్నపిల్లలా. నేను వీపు మీద ఎక్కించుకుని వాగు దాటించాను. బరువే లేదు. మీ వదిన గుమ్మంలో కాళ్ళు కడిగింది. పిల్లలు పరుగెత్తుకొచ్చి పట్టుకుంటే ముందు వణికింది. ఆ రోజంతా వాళ్ళ నుదుళ్ళు తాకి తాకి చూసింది, వేడి ఉందేమోనని. ఏమీ కాలేదు. ఇప్పుడు వాళ్ళను పక్కనే పడుకోబెట్టుకుంటోంది.

వండుతుంది. కర్ర పట్టుకుని బోరింగు దాకా నడుస్తుంది. కానీ ఆమె అమ్మ కాదు పుష్పా. ఎలా చెప్పాలి? రేషను షాపు దగ్గర ఎవరో మరిచిపోయి "ముత్తక్కా" అని పిలిచారు. తల తిప్పలేదు. మొండితనం కాదు, ఎవరినో పిలిచారనుకుంది. నన్ను కొడుకా అనదు. "బాబూ" అంటుంది, కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు ఇంటాయనను పిలిచినట్టు. ఒకరోజు నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని అడిగింది.

"మీ అమ్మ ఎట్ల పోయింది బాబూ?"

ముద్ద కంచంలో పెట్టేశాను. ఆట పట్టిస్తోందేమోనని ముఖం చూశాను. లేదు. నిజంగానే అడుగుతోంది. ఉన్నదే చెప్పాను. వాగు దాటుతుంటే పోయిందన్నాను. "మంచిదేనా?" అంది. మంచిదన్నాను. నాయన పోయాక ఒక్కతే మమ్మల్ని పెంచిందనీ, చెల్లెను చదివించడానికి సబ్‌సెంటర్‌లో పనికి కుదిరిందనీ చెప్పాను. చెప్తూ పోయాను. అన్నేళ్ళూ ఆమె ఎదుట ఒక్క మాట అననివాణ్ణి, అన్నీ చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "పాపం, ఉండాల్సింది" అంది.

నిన్న కొత్తల పండుగ చేసుకున్నాం. కొత్త గింజలు ముందు పెద్దలకు పెట్టాలి కదా. మామ ఒక్కొక్కరి పేరూ పిలుస్తుంటే నేను ఆకుల్లో అన్నం పెడుతున్నాను. తాత పేరు, నాయన పేరు అయ్యాయి. తర్వాతి పేరు దగ్గర మామ ఆగాడు. అందరం ఆగాం. పిలవాలా వద్దా? పిలవకపోతే ఆ జాగా ఖాళీ అని తెలిసిపోతుంది. మామ నా వైపు చూశాడు. నేను నేల చూశాను.

ఆమే లేచింది. నా చేతిలోంచి ఆకు తీసుకుంది. "ముత్తక్కది నేను పెడ్త" అంది. నాయన ఆకు పక్కన జాగ్రత్తగా పరిచి, అన్నం పెట్టి, పైన చిక్కుడు కూర వేసింది. నీళ్ళు చల్లింది. చేతులు జోడించి, "పిల్లల జోలికి రాకు తల్లీ, నీ పిల్లల్ని నేను చూసుకుంట" అంది.

డోలు కొట్టేవాడు కొట్టడం మరిచిపోయి నిలబడ్డాడు.

ఇక నువ్వు రావచ్చునని మామ అన్నాడు. ఎనిమిదో తేదీ శనివారం బస్సుకు రా, రోడ్డు మీదికి నేను వస్తాను. ఆమెకు నువ్వు వస్తున్నావని చెప్పాను. "కంప్యూటర్ల పనిచేసే బిడ్డనా? దాన్ని నేను చూడాలె" అంది. ఆమెను ఏమని పిలుస్తావో దారిలోనే అనుకుని రా పుష్పా. నేను ఇంకా ఏమీ పిలవడం లేదు.

మీ అన్న
రవీందర్